వార్తల్లో పదం: డార్క్ ప్యాటర్న్స్

నెల్లూరు తీరమున మైపాడు వంటి పల్లెలలో సైతం, రొయ్యల పట్టుబడి సొమ్ము చేతికందిన రాత్రి ఫోను తెరపై ‘ఇంక రెండే మిగిలినవి’ అను హెచ్చరిక మెఱయగా, అక్కఱలేని చీర కొనుగోలైపోవుట వింత గాదు. ఇట్లు కృత్రిమమైన తొందరను కల్పించి వివేచనకు వ్యవధి లేకుండజేయుట మొదలగు, కొనుగోలుదారుని తప్పుదారి పట్టించు తెర తంత్రములే డార్క్ ప్యాటర్న్స్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 విధములను పేర్కొని నిషేధించినది. అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, చెల్లింపువేళ క్రొత్త రుసుములు బయటపెట్టుట అందులోనివే. వలదనువానిచే ‘నాకు పొదుపక్కఱలేదు’ అను మీట నొక్కించి సిగ్గుపఱచుట వీనిలోకెల్ల క్రూరమని నా అభిప్రాయము. వీనికి చిక్కకుండుటకు కార్డు వివరములను యాప్‌నుండి తొలగించి, చెల్లింపును మఱునాటికి ఆపుట ఇంటనే సాధ్యము. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుగుననే ఫిర్యాదు చేయవచ్చును.