ట్రంకుపెట్టెకు ఏ తాళం?

మధిర: జూన్‌లో బడులు తెరవగానే హాస్టలుకు వెళ్లే పిల్లలకు ట్రంకుపెట్టె, తాళంకప్ప కొనడం మామూలే. పెట్టెకు గంటసేపు బేరమాడే తండ్రి కప్పను మాత్రం చేతికందింది తీసుకుంటాడు. చిక్కంతా అక్కడే. చౌకరకం కప్పలకు చెవుల కోత కొద్ది రకాలే. ఒకరి చెవి మరొకరి పెట్టెకు పడుతుంది. పది రూపాయలు పోతే నింద పక్క పెట్టె పిల్లవాడిమీద పడుతుంది.

లోపలి లివర్లు ఎక్కువైనకొద్దీ మరో చెవి పడడం కష్టం. వాటి సంఖ్య చాలా కప్పలమీద చెక్కే ఉంటుంది, ఆరున్నది మేలు. కొనేముందు అదే రకం ఇంకో చెవి పెట్టి తిప్పి చూడండి, దుకాణదారు విసుక్కున్నా సరే. రెండో చెవిని పేరు రాసి వార్డెనుకు ఇవ్వండి.

చెవి పోతే కప్పనే మార్చాలి. మారు చెవి చేయిస్తే, పోయింది దొరికినవాడికీ పెట్టె తెరుచుకుంటుంది. ఇక గొళ్లెం వదులుగా ఉంటే ఎంత మంచి కప్పా దండగే. ముందు రివిట్లు వేయించండి.