గ్రీకు పురాణములలోని ఘోరరూపులు

మసకచీకటిలో త్రాటిని చూచి పామని జడియుట మనకందరకును అనుభవమే. దీపము తెచ్చినంతనే పాము మాయమై త్రాడు మిగులును. ప్రాచీన గ్రీకులు కొండలును, చిత్తడినేలలును గల దేశమున వసించుచు, చిన్న ఓడలపై దూరతీరములకు పోవుచుండిరి. త్రోవలో తమకెదురైన అపాయములకు వారు ఘోరరూపములు కల్పించి కథలుగా చెప్పుకొనిరి. వానిలో మూడింటిని తెలిసికొందము.

దక్షిణ గ్రీసులో ఆర్గోస్ నగరమునకు సమీపమున లెర్నా అను చిత్తడినేల యుండెను. అందు హైడ్రా అను జలసర్పము వసించుచుండెనని కథ. దానికి తొమ్మిది తలలని పలువురు చెప్పుదురు. హెరాక్లీస్ అను మహావీరుడు ఒక తలను కొట్టగా ఆ స్థానమున రెండు తలలు మొలచెను. నేలబడిన ప్రతి రక్తబిందువునుండియు క్రొత్త రాక్షసుడు పుట్టిన మన రక్తబీజుని కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. బలము ప్రయోగించినకొలది శత్రువు పెరుగుచుండెను. అంతట హెరాక్లీస్ తన సోదరుని కుమారుడగు ఇయోలాసును సాయమునకు పిలిచెను. తల తెగిన వెంటనే ఇయోలాస్ ఆ చోటిని కొరవితో కాల్చెను. కాలినచోట మరల తల మొలవలేదు. చావులేని తలను మాత్రము హెరాక్లీస్ పెద్ద బండక్రింద పాతిపెట్టెను. లెర్నా పెక్కు ఊటలు గల చోటు. ఒక ఊటను మూసిన మరియొకచోట నీరుబుకుటయే ఈ కథకు మూలమని ప్రాచీనకాలముననే కొందరు తలచిరి.

హోమర్ రచించినదని చెప్పబడు ఒడిస్సీ కావ్యమున పాలిఫీమస్ అను ఒంటికంటి రాక్షసుడు కలడు. అతడు ఒడిస్యూస్ అను వీరుని, అతని అనుచరులను గుహలో బంధించి, పూటకిద్దరి చొప్పున భక్షింపసాగెను. రాక్షసుని చంపుట మేలుగా తోచినను, గుహద్వారమునకు అడ్డుపెట్టిన బండను కదల్చుట మనుష్యులకు శక్యము కాదు. కావున ఒడిస్యూస్ తన పేరు ‘ఎవ్వడును కాడు’ అని చెప్పి, వానిచే మద్యము త్రాగించి, నిద్రలో వాని కంటిని కాలిన కొయ్యతో పొడిచెను. తనను బాధించువాడు ఎవ్వడును కాడని రాక్షసుడు మొరపెట్టగా, ఇరుగుపొరుగువారు నమ్మి వెడలిపోయిరి. మరునాడుదయమున రాక్షసుడు గొర్రెలను మేతకు విడువగా, వాని పొట్టలక్రింద దాగి వీరులు బయటపడిరి. సిసిలీ ద్వీపమున పూర్వము పొట్టి ఏనుగులు జీవించెను. వాని పుర్రె నడుమ తొండమునకై యున్న పెద్ద రంధ్రమును చూచి జనులు ఒంటికన్నుగా భ్రమించియుందురని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

మూడవ కథలో జయము లేదు. ఇరుకైన జలసంధిలో ఒకవైపు ఆరు తలల సిల్లాయు, రెండవవైపు దినమునకు ముమ్మారు సముద్రమును మ్రింగు కారిబ్డిస్‌యు నుండెను. ఓడ మొత్తము మునుగుటకంటె ఆరుగురిని కోల్పోవుట మేలని ఒడిస్యూస్ సిల్లా వైపుగా పోయెను. అది ఆరుగురిని ఎత్తికొనిపోవుచుండ వారు అతనిని పేరు పెట్టి పిలిచిరి. అతడేమియు చేయలేకపోయెను. ఇటలీ, సిసిలీల నడుమ గల మెస్సినా జలసంధియే ఆ స్థలమని పూర్వులు నమ్మిరి. మిక్కిలి ఇరుకైనచోట దాని వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. అచట ఇరువైపుల సముద్రముల పోటుపాటులు ఏకకాలమున జరుగవు. కావున ప్రవాహము సుమారు ఆరు గంటలకొకసారి దిశ మారును, సుడులు పుట్టును. ఆ సుడులు నేటికిని కలవు. కాని వాని వేళలెరిగిన నావికులు ఆ త్రోవనే నిత్యము ఓడలు నడుపుచున్నారు.

హైడ్రా పేరును నేడు మీరు విజ్ఞానశాస్త్రమున చదువుదురు. మంచినీటి చెరువులలో నాచును పట్టుకొని జీవించు ఒక చిన్న ప్రాణికి 1758లో లినీయస్ ఆ పేరు పెట్టెను. ఖండించినను దాని ముక్కలు మరల పూర్ణరూపము దాల్చును. ఒకనాడు వీరులను వణికించిన పేరు గల ప్రాణిని నేడు విద్యార్థి గాజుపాత్రలో నుంచి, భూతద్దముతో నిదానముగా పరిశీలించుచున్నాడు.