రాజ్యాంగ సభలో గోదావరి ఆడపడుచు

దెబోరా ఖర్జూర చెట్టు క్రింద కూర్చుండి ఇశ్రాయేలీయుల తగవులు తీర్చిన సంగతి మన స్త్రీల సమాజపు కూడికల్లో ఎన్నోసార్లు ధ్యానించాము. అయితే మా అప్పనపల్లి చుట్టుపట్ల పల్లెల్లో, స్త్రీ సర్పంచిగా గెలిస్తే కుర్చీలో భర్త కూర్చోవడం కొత్త సంగతి కాదు. అందుకే ఈ నెల దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని మన కుటుంబాలకు పరిచయం చేస్తున్నాము. ఆమె మన విశ్వాసానికి చెందినవారు కారు. కాని మన గోదావరి బిడ్డ.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం తనకు పొసగదని చెప్పి విడిపోయారు.

ఆ దినాల్లో స్త్రీలు చట్టసభ గడప తొక్కడం ఎక్కడైనా అరుదే. స్వీడన్‌లో మొదటి అయిదుగురు స్త్రీలు పార్లమెంటుకు ఎన్నికైనది 1921లో. అదే యేట గాంధీగారు కాకినాడ వచ్చారు. పన్నెండేళ్లు నిండని దుర్గాబాయి దేవదాసీలనూ ముస్లిం స్త్రీలనూ కూడగట్టి ఆయన మాటలు వినిపించింది. 1923 కాంగ్రెసు మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన వాకిట కాపలా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పోనిచ్చింది. నమ్మకమైన కాపలా అంటే ఇదే కదా!

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపి జైలుకు వెళ్లారు. వెల్లూరు జైలులో ఆమెను కలచివేసినవారు తోటి ఆడ ఖైదీలు. తాము చేసిన నేరమేమిటో, శిక్ష ఎందుకు పడిందో వారిలో చాలామందికి తెలియదు. చదువు లేదు, తరఫున మాట్లాడేవారు లేరు. అటువంటివారి కోసం తాను న్యాయశాస్త్రం చదవాలని ఆమె అక్కడే తీర్మానించుకున్నారు. బడి చదువు మధ్యలో ఆగినా, బెనారసు మెట్రిక్ పరీక్షకు కట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ముగించి, 1942లో లా పట్టా పుచ్చుకుని మద్రాసులో ప్లీడరయ్యారు.

1946లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ సభలో స్త్రీలు 15 మంది. అధ్యక్షుల వరుసలో చోటు దక్కింది వారిలో ఈమె ఒక్కరికే. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్లుండాలని ముసాయిదాలో ఉంటే, 30 చాలని సవరణ తెచ్చి నెగ్గించారు. నేటికీ అదే నియమం. ఆడపిల్లకు ఆస్తిలో పాలుండాలని కూడా వాదించారు. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి అడిగినది కూడా తండ్రి స్వాస్థ్యమే.

1952 ఎన్నికల్లో మాత్రం ఆమె ఓడిపోయారు. ఓడినా ఇంట కూర్చోలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. చిన్నతనంలో బడి మానిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కట్టేలా ఆ బోర్డు 1958లో ప్రత్యేక తరగతులు మొదలుపెట్టింది. పెళ్లయిన స్త్రీలూ, భర్త పోయినవారూ మళ్లీ పలక పట్టారు.