మీ కంప్యూటర్‌కు చదవడం వచ్చు

విండోస్ కంప్యూటర్‌లో షిఫ్ట్ కీని వరసగా అయిదుసార్లు నొక్కితే తెరమీద ఓ చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది. అదేమిటో చదవకుండానే చాలామంది ‘నో’ కొట్టేస్తారు. ఒంటిచేత్తో టైపు చేసేవారికి మాత్రం అది పెద్ద అండ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడింటినీ ఒక్కసారే పట్టి ఉంచక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు.

ఇలాంటి సదుపాయాలు విండోస్‌లో ఇంకా చాలానే ఉన్నాయి. విండోస్ కీతో ‘యు’ నొక్కితే అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. విండోస్, ప్లస్ కలిపి నొక్కితే మాగ్నిఫయర్ అక్షరాలను పెద్దవి చేస్తుంది. విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపితే నేరేటర్ గొంతు విప్పి తెరమీది విషయాన్ని చదువుతుంది. వీటిలో దేనికీ పైసా కట్టక్కర్లేదు.

డిస్లెక్సియా ఉన్న పిల్లలు తెలివిలో ఎవరికీ తీసిపోరు. అక్షరాన్ని చూసి దాని శబ్దాన్ని పట్టుకోవడంలోనే వారికి చిక్కు. వర్డ్‌లోనూ, ఎడ్జ్ బ్రౌజర్‌లోనూ ఉన్న ఇమ్మర్సివ్ రీడర్ అక్షరాల మధ్య ఎడం పెంచుతుంది. కావాలంటే చదువుతున్న వరసను మాత్రమే ఉంచి మిగతాది మసక చేస్తుంది. పైకి చదువుతూ ఏ పదం దగ్గర ఉందో రంగుతో చూపుతుంది.

చూపు లేనివారికి, తెరమీది విషయాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడరే కన్ను. ఒకప్పుడు వీటి ధర సామాన్యుడికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ తయారీకి పూనుకున్నారు. ఆయనకూ చూపు లేదు. తర్వాత మిత్రుడు జేమ్స్ టెహ్ తోడయ్యారు. దానితోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగునూ చదువుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పని టాక్‌బ్యాక్ చేస్తుంది. వేలు ఆనించిన చోట ఏముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. ఇక రాయడానికి నోరుంటే చాలు. 2017లో గూగుల్ మాటతో టైపు చేసే సదుపాయాన్ని తెలుగుకూ తెచ్చింది. కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయి.

అయితే తెలుగుకు ఓ పెద్ద అడ్డంకి ఉంది. డీటీపీ కేంద్రాల్లో ఏళ్లుగా వాడుతున్న పాత ఫాంట్లలో తెరమీద ‘అ’ కనిపించినా, లోపల దాగి ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. స్క్రీన్ రీడర్ ఆ లోపలి సంకేతాన్నే చదువుతుంది కాబట్టి అర్థంలేని కూతలు వినిపిస్తాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లదీ అంతే. కంటికి పుస్తకం, కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ. ఆ బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను చాలావరకు రాబట్టవచ్చు. తప్పులు మాత్రం దిద్దుకోవాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడాల్సిన బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. ఆ పనిలో పంతులుగారికీ, గుమస్తాకూ, పత్రికకూ వాటా ఉంది. నోటీసును పాత ఫాంట్లలో కాకుండా, తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో టైపు చేయాలి. వాట్సాప్‌లో ఫొటో పంపితే కింద నాలుగు ముక్కలు రాయాలి. వర్డ్‌లో బొమ్మమీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని కనిపిస్తుంది. బొమ్మలో ఏముందో అక్కడ ఒక్క వాక్యం రాస్తే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది.