ప్రచార విరామ సమయంలో అసత్య ప్రచారం – ఎన్నికల యంత్రాంగం, పాత్రికేయుల పాత్ర

పోలింగ్ ముగింపునకు నిర్ణయించిన సమయానికి ముందు 48 గంటలపాటు బహిరంగ సభలు, ఊరేగింపులు, టెలివిజన్ ద్వారా ఎన్నికల ప్రచారాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకొనేందుకు ఉద్దేశించిన ఈ వ్యవధే అసత్య ప్రచారానికి అనువైన అదనుగా మారుతుండడం గమనార్హం.

ఐరోపాలోని స్లొవేకియా అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ 2023 సెప్టెంబరు 30న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. మన దేశంలో వలెనే అక్కడా 48 గంటల ప్రచార విరామం ఉన్నది. సరిగ్గా ఆ తరుణంలో, ప్రోగ్రెసివ్ స్లొవేకియా పార్టీ నాయకుడు మిఖాల్ షిమెచ్కా ఒక పాత్రికేయురాలితో ఎన్నికల అక్రమాలను గురించి చర్చిస్తున్నట్లుగా ఒక ఆడియో ఫేస్‌బుక్‌లో వ్యాపించింది. అది బూటకమని ఇరువురూ వెంటనే ఖండించారు. కృత్రిమ మేధతో రూపొందించిన ఆనవాళ్లు అందులో ఉన్నట్లు వాస్తవ పరిశీలకులు గుర్తించారు. అయితే విరామ నిబంధన వల్ల ఆ ఖండనను విస్తృతంగా ప్రజలకు చేరవేయడం మాధ్యమాలకు కష్టమైంది. ఆ పార్టీ రెండవ స్థానంలో నిలిచింది. ఆడియో వల్లనే ఓటమి సంభవించిందనడానికి ఆధారం లేదు. దానిని తయారుచేసినవారు స్వదేశీయులో, విదేశీయులో కూడా బహిరంగంగా రుజువు కాలేదు.

మన దేశంలో విదేశీ ధనాన్ని నిరోధించేందుకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉన్నది. అభ్యర్థులు, రాజకీయ పక్షాలతోపాటు పత్రికా సంపాదకులు, విలేకరులు కూడా దాని నిషేధ పరిధిలోకి వస్తారు. అయితే ఊరూ పేరూ లేని ఆడియోను ఆపడానికి ఆ చట్టం ఒక్కటే చాలదు.

విరామ నిబంధనను ఉల్లంఘించే అంశాలపై, భారత ఎన్నికల సంఘం తెలియజేసిన మూడు గంటలలోగా చర్య తీసుకునేందుకు సామాజిక మాధ్యమ సంస్థలు 2019లో స్వచ్ఛంద నియమావళి ద్వారా అంగీకరించాయి. 2024 ఏప్రిల్ 2న సంఘం అపోహలు–వాస్తవాల వేదికను ప్రారంభించింది. ఉభయ తెలుగు రాష్ట్రాలలో మే 13న పోలింగ్ జరుగగా, అందుకు వారం ముందు, మే 6న, తమ దృష్టికి వచ్చిన నకిలీ అంశాలను మూడు గంటలలోగా తొలగించాలని పార్టీలను ఆదేశించింది. పోలింగ్ నాడు మూడు గంటలు స్వల్ప వ్యవధి కాదు. ఉదయం 7 గంటలకు వెలువడిన వదంతి 10 గంటలకు తొలగేసరికి ఎందరో ఓటు వేసి వెళ్లిపోతారు.

కనుక ఫిర్యాదుతోపాటే వివరణ కూడా వెలువడవలసి ఉన్నది. జిల్లా ఎన్నికల అధికారి వాస్తవాన్ని ప్రకటించడం ప్రచారం కిందకు రాదు. ఫిర్యాదుకు స్క్రీన్ షాట్ ఒక్కటే సరిపోదు. మూల సందేశం లింకు, వెలువడిన సమయం కూడా జతపరచాలి. పాత్రికేయులు వాస్తవాన్నే శీర్షికగా ఇవ్వడం మేలు. ఖండించే ఉద్దేశంతోనే అయినా, వదంతి శీర్షికలోకి ఎక్కితే అదే ఎక్కువమందికి గుర్తుండిపోతుంది. పోలింగ్ వాయిదా పడిందని, కేంద్రం మారిందని వచ్చే సందేశాలను ఓటర్లు 1950 నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవచ్చు.