దోమతెర నుంచి ఎస్‌ఆర్ మాత్ర దాకా

అరకు ట్రిప్‌కి వెళ్తే బొర్రా గుహలు, కాఫీ ఫొటోలతో ఆపేయకండి. మలేరియా బెడద ఉన్న ఏజెన్సీ పల్లెల్లో సర్కారు పంచిన దోమతెరల్ని కూడా ఓసారి చూడండి. వాటి పోగుల్లో పురుగుమందు ఉంటుంది. ఉతికితే పైనున్నది పోతుంది, లోపలి మందు మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణం ప్రకారం 20 ఉతుకులు, 3 ఏళ్లు పనిచేయాలి. మందంతా ఒకేసారి బయటికొచ్చేస్తే అది మామూలు తెరే!

షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ మాత్రలోనూ ఇదే సూత్రం. అందులోని పాలిమర్ కడుపులో తడిసి జెల్‌లా ఉబ్బుతుంది, మందు దాన్ని దాటుకుంటూ గంటల తరబడి బయటికొస్తుంది. నా మొదటి ఫార్మా ఇంటర్వ్యూలో ‘దీన్ని పొడి చేసి మింగితే?’ అని అడిగారు. ‘త్వరగా పనిచేస్తుంది సార్’ అన్నాను. గంటల మీద రావాల్సిన డోసు ఒక్కసారే ఒంట్లోకి దిగితే ప్రమాదమని తట్టనే లేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

పొలంలో అయితే వేపపూత యూరియా. 2015లో కేంద్రం దీన్ని తప్పనిసరి చేసింది. వేపనూనె నేలలోని బ్యాక్టీరియాని నెమ్మదింపజేస్తుంది, నత్రజని వృథా తగ్గుతుంది. అరకు సేంద్రియ కాఫీ తోటల్లో యూరియా వాడరు. అక్కడ సిల్వర్ ఓక్ ఆకులు రాలి, కుళ్లి, కొద్దికొద్దిగా పోషకాలిస్తాయి.

కెమికల్ ఇంజినీరింగ్, ఫార్మసీ వాళ్లు ఫిక్ సూత్రం ఎలాగూ చదివే ఉంటారు. దాన్ని ‘డిసొల్యూషన్ టెస్ట్’తో కలిపి చదవండి. ఏ గంటకి ఎంత మందు విడుదలైందో కొలిచే పరీక్ష అది. పరవాడ ఫార్మాసిటీలో బల్క్ డ్రగ్ యూనిట్లే ఎక్కువ. ఫార్ములేషన్ ఉద్యోగమే కావాలంటే హైదరాబాద్ కంపెనీలకీ అప్లై చేయండి. వెళ్లేముందు నాకు పడిన ప్రశ్నకి మీ జవాబు సిద్ధం చేసుకోండి.