కొత్త డీజిలు పికప్: కొండ ఎక్కడం సరే, దిగడం మాటేమిటి?

మా బడిలో పదో తరగతి చదివి, ఇప్పుడు అరకులోయ పక్క ఊళ్లో కూరగాయల వ్యాపారం చేస్తున్న కుర్రవాడొకడు కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో రంగుల కాగితాలు. "మాస్టారూ, కొత్త డీజిలు పికప్ కొందామనుకుంటున్నానండి. అమ్మ బంగారం కుదువపెట్టి ముందు సొమ్ము కడతాను, మిగతాది బ్యాంకు అప్పు. ఈ అంకెలు చూసి చెప్పండి, మా ఘాటుకి ఇది పనికొస్తుందా?" అన్నాడు.

కాగితంలో బండి బొమ్మ పెద్దదిగానూ, అంకెలు చీమ తలకాయంతగానూ ఉన్నాయి. అన్ని ప్రకటనలూ అంతే. కళ్లద్దాలు పెట్టుకుని చదివితే తేలినది ఇది: ఇంజను రెండున్నర లీటర్లది. సామర్థ్యం నిమిషానికి 3200 చుట్ల దగ్గర 55 కిలోవాట్లు. టార్క్ 1400 నుంచి 2200 చుట్ల వరకు 200 న్యూటన్ మీటర్లు. మోయగల సరుకు 1300 కిలోలు. సరుకుతో కలిపి మొత్తం బండి బరువు మూడు టన్నులు.

పిల్లలూ, మీరు భౌతికశాస్త్రంలో చదివిన పని, సామర్థ్యం, శక్తి అనే మూడు మాటలతోనే ఈ బండిని తూచవచ్చు. ముందు టార్క్ అంటే ఏమిటో చూద్దాం. బోల్టు విప్పటానికి పానా వాడతాం. పానా ఎంత పొడవుంటే అంత సులువుగా తిరుగుతుంది. మీటరు పొడవున్న పానా చివర ఇరవై కిలోల రాయి వేలాడదీస్తే బోల్టు మీద పడే తిప్పుడు బలం సుమారు 200 న్యూటన్ మీటర్లు. మన ఇంజను తిప్పేది అంతే! ఆ బలాన్ని అది సెకనుకు ముప్పై, ముప్పై అయిదుసార్లు తిప్పుతూనే ఉంటుంది. తిప్పుడు బలాన్ని తిరిగే వేగంతో హెచ్చిస్తే వచ్చేదే సామర్థ్యం.

ఇదే 55 కిలోవాట్లు ఒక చిన్న పెట్రోలు కారు ఇంజను కూడా ఇవ్వగలదు. కాని దాని తిప్పుడు బలం ఇందులో సగమే కాబట్టి అంత సామర్థ్యం రావటానికి నిమిషానికి ఆరువేల చుట్లదాకా తిరగాలి. బరువుతో కదలాల్సిన బండికి, మలుపు మలుపుకీ నెమ్మదించి మళ్లీ ఎక్కాల్సిన బండికి తక్కువ చుట్లలోనే బలం దొరకటం గొప్ప సౌకర్యం. ఇందులో డీజిలు మహిమ కొంత, ఇంజను పెద్దది కావటం కొంత, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో పుణ్యం కొంత.

డీజిలు మహిమ ఎక్కడుందో మీ సైకిలు పంపు చెబుతుంది. గట్టిగా గాలి కొట్టి పంపు అడుగు ముట్టుకోండి, వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని పదహారో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కుతుంది. ఆ గాలి వేడి అయిదు వందల డిగ్రీలు దాటుతుంది. అందులోకి నూనెను సన్నని తుంపరగా చిమ్మితే దానంతటదే మండుతుంది, నిప్పురవ్వ అక్కరలేదు. ఈ పద్ధతితో పనిచేసే ఇంజనును రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపాడు. దాని దక్షత నూటికి 26. ఆ కాలపు ఆవిరి యంత్రాలకు అది అందని అంకె. గాలిని ఎంత నొక్కితే, మండిన తర్వాత అది అంత వ్యాకోచించి పని చేస్తుంది; అందుకే పెట్రోలు ఇంజను కంటే దీనికి దక్షత ఎక్కువ. లీటరుకు ఎక్కువ దూరం రావటానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగితే, లీటరు డీజిలు 830 గ్రాముల దాకా తూగుతుంది. కొనేటప్పుడు కొలిచేది లీటరే, మండేది మాత్రం బరువు!

ఇక ఘాటు సంగతి. పది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కే వాలు ఉందనుకుందాం. మూడు టన్నుల బండిని భూమి వెనక్కు లాగే బలం 3000 × 9.8 ÷ 10, అంటే 2940 న్యూటన్లు. చక్రాల దొర్లుడు ఘర్షణకు మరో 450 కలిపితే సుమారు 3400. ఈ బలంతో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో (సెకనుకు 11 మీటర్లు) ఎక్కాలంటే 37 కిలోవాట్లు కావాలి. గేర్లలో పోయేది కలుపుకుంటే 43. మన దగ్గర 55 ఉన్నాయి. చాలు.

కాని టాప్ గేరులో కాదు సుమా. టాప్ గేరులో చక్రం దగ్గరికి చేరే తోపుడు బలం రెండు వేల న్యూటన్లకు మించదు. 3400 కావలసిన చోట రెండు వేలు ఏం చేస్తాయి? మొదటి గేరులో అదే ఇంజను ఎనిమిది వేల న్యూటన్లు తోయగలదు, నెమ్మదిగా. గేరుపెట్టె కొత్తగా సామర్థ్యాన్ని పుట్టించదు. వేగం తగ్గించి బలం పెంచుతుంది, అంతే.

కుర్రవాడి చేతిలో ఉన్న ఇంకో కాగితం చిన్న బండిది. ఆ తరహా చిన్న ట్రక్కులు మనకు 2005లో టాటా ఏస్‌తో బాగా పరిచయమయ్యాయి. రెండు సిలిండర్లు, 702 ఘన సెంటీమీటర్లు, 16 అశ్వసామర్థ్యాలు, అంటే 12 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను మొత్తం బరువుతో అదే వాలు మీద లెక్కవేస్తే గంటకు 21, 22 కిలోమీటర్లు వస్తుంది. మైదానంలో సందుల్లో తిరగటానికి దానికి సాటి లేదు. ఘాటులో మాత్రం వెనక బస్సు హారను కొడుతూనే ఉంటుంది.

ఇంతవరకు విని కుర్రవాడు సంతోషించాడు. "అయితే పెద్దదే తీసుకుంటానండి" అన్నాడు. "ఒరే, నీ సరుకు కొండ ఎక్కుతుందా, దిగుతుందా?" అని అడిగాను. అల్లం, పసుపు, గుమ్మడికాయలు అన్నీ పైనుంచి కిందికే. ఎక్కేటప్పుడు బండి ఇంచుమించు ఖాళీ. అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. అంతకు ముందు నెల అద్దె బండి నిండా సరుకు వేసుకుని దిగుతూ, డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో పెట్టాడట. సగం దారిలో మాడువాసన వచ్చింది. పెడలు తొక్కితే దూదిలా దిగిపోయింది. బండిని కొండవైపు గట్టుకు ఒరిపించి ఆపాడు. లోయవైపు మలుపయితే మా ఇంటికి వచ్చేవాడే కాదు.

ఏం జరిగిందో లెక్క చూడండి. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కింద మైదానానికీ దానికీ తేడా 800 మీటర్లు అనుకుందాం. మూడు టన్నుల బండి స్థితిశక్తి 3000 × 9.8 × 800, అంటే రెండు కోట్ల ముప్పై అయిదు లక్షల జౌళ్లు. అది ఎక్కడికీ పోదు, వేడిగా మారాల్సిందే. ఆ వేడితో ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగింటి నీళ్లు మరిగించవచ్చు. న్యూట్రల్‌లో పెడితే ఆ వేడిలో చాలా భాగాన్ని నాలుగు చక్రాల బ్రేకులే భరించాలి. అవి మితిమీరి వేడెక్కితే బ్రేకు పొరల రాపిడి పట్టు తగ్గుతుంది. గొట్టాల్లోని బ్రేకు నూనె మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి చేరుతుంది, బుడగను నొక్కితే అదే నలిగిపోతుంది. పెడలు దూదిలా దిగింది అందుకే.

పోనీ, డీజిలు అయినా ఆదా అయిందా? లేదు! నేటి ఇంజన్లలో, గేరులో ఉండి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. నూనె చిమ్మటం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆరిపోకుండా ఉండటానికి నూనె మండుతూనే ఉండాలి. ఈ మాట విన్నప్పుడు కుర్రవాడి ముఖం చూడాలి.

ఇక్కడ డీజిలు ఇంజనుకు ఒక లోపం కూడా ఉంది. పెట్రోలు ఇంజనులో కాలు తీస్తే గాలిదారి మూసుకుపోతుంది. పిస్టన్లు ఖాళీని లాగలేక బండిని పట్టి ఆపుతాయి. డీజిలులో సాధారణంగా గాలిదారి అలా మూసుకోదు. పిస్టను గాలిని నొక్కటానికి తీసుకున్న శక్తిని, ఆ గాలి స్ప్రింగులా చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే పెద్ద లారీలకు పొగదారిని మూసే ఎగ్జాస్టు బ్రేకు విడిగా పెడతారు. పికప్‌లో మనకు మిగిలింది చిన్న గేరే. ఎక్కటానికి ఏ గేరు కావాలో దిగటానికీ అదే గేరు అని పాత డ్రైవర్లు ఊరికే అనలేదు. 1300 కిలోల బండిలో రెండు టన్నులు వేసే అలవాటు వాడికీ ఉంది. ఇంజను లాగుతుంది కదా అంటాడు. ఇంజను లాగుతుంది, ఆపాల్సింది బ్రేకులు.

ఇంకో విషయం, డబ్బు. పెట్రోలు బండి కంటే డీజిలు బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి, కిలోమీటరుకు రెండు రూపాయలు మిగిలిస్తామనుకుందాం. లక్ష తిరిగి రావాలంటే 50,000 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 150 చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగేవాడికి ఏడాది దాటగానే వస్తుంది. రోజుకు 30 తిరిగే పాలవ్యాపారికి అయిదున్నరేళ్లు పడుతుంది.

పాలవ్యాపారికి మరో చిక్కు ఉంది. డీజిలు పొగలోని మసి ఊపిరితిత్తులకు చేటు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్. 6 నియమాల వల్ల కొత్త డీజిలు బండ్లలో చాలావాటికి మసిని పట్టే జల్లెడ ఉంటుంది. జల్లెడ నిండాక బండి దానిని బాగా వేడిచేసి, మసిని కాల్చేసుకుంటుంది. అందుకు కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ఎప్పుడూ రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో ఆ అవకాశం రాక జల్లెడ మూసుకుపోతుంది, దీపం వెలుగుతుంది, మెకానిక్కు చేతిలో డబ్బు పడుతుంది. మా వాడిది రోజూ దూరప్రయాణం కనుక ఈ బాధ తక్కువ.

వాడు పెద్ద బండే కొన్నాడు. దసరాకు తీసుకొచ్చి చూపించాడు. వెనక తలుపు మీద "1300 కిలోలు" అని తెల్లరంగుతో తనే రాసుకున్నాడు. గుమ్మడికాయలు తెచ్చే రైతులు ఇంకో నాలుగు బస్తాలు వెయ్యమంటే అది చూపిస్తాడట. "వాళ్లు ఒప్పుకుంటున్నారా?" అని అడిగాను. "సగం మందేనండి మాస్టారూ, మిగతావాళ్లు ఇంకో బండి చూసుకుంటున్నారు" అన్నాడు.